గంప కింద అడుగు

పోయిన ఆదివారం ఆరాధన నుంచి నడిచి వచ్చి, గడప పక్కన చెప్పులు విడిచి, మంచినీళ్లు తెమ్మని కోడలికి చెప్పి మంచం మీద ఒరిగింది మా మేనత్త. నీళ్లు తెచ్చేసరికే ప్రభువు దగ్గరికి వెళ్లిపోయింది. ఎవరి చేతా ఎత్తించుకోకుండా పోవాలన్నది చాలా ఏళ్లుగా ఆమె ప్రార్థన. అందుకే ఈ నాలుగు మాటలు నెమ్మదిగల మనసుతోనే రాస్తున్నాను.

పందొమ్మిది వందల అరవైలు మొదలయ్యే నాటికి నేను చిన్నపిల్లను. మా ఊరి పక్క బకింగ్‌హాం కాలవలో ప్రతి ఎండాకాలం రాజావారి పడవ బయల్దేరేది. జమీందారీ పోయినా పడవ మిగిలింది. తెల్లరంగు, కిటికీలకు పచ్చ తెరలు. ఆ కుటుంబం దక్షిణాన సముద్రపొడ్డు బంగళాలో సెలవులు గడిపి వచ్చేది. మీలో ఆ కాలవ గట్టు ఎరిగినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. మేమంతా రాణిగారి చీర, పిల్లల బూట్లు చూస్తుంటే, అత్త మాత్రం గట్టు వెంట తాడు పట్టి పడవను లాగే మనిషిని చూసేది. ఆయన మా మామ.

ఆయన తిరిగొచ్చేదాకా అత్త వాకిలి ఊడ్చేది కాదు, ఇసుకలో ఆయన అడుగులు చెరిగిపోతాయని. పాస్టరమ్మగారు నవ్వేవారు.

"ప్రభువుని నమ్ముకున్నదానివి, ఇంకా ఈ పట్టింపులేంది మే?"

"ఆయన్ని తీసుకొచ్చేది ప్రభువే, అమ్మగారూ. ఊడ్చకుండా ఉండేది నా మనసు కోసరం."

"ఆ చెత్త చూసి మీ ఆయన యెనక్కి పోతాడేమో."

ఒక ఏడు పడవ వెళ్లిన మర్నాడే తుఫాను గాలి లేచింది. చినుకులు మొదలవగానే అత్త ఒక అడుగు మీద గంప బోర్లించి, పైన రాయి పెట్టింది. పడవ మునిగిందన్న కబురు వచ్చింది, మనుషుల సంగతి రాలేదు. ఆమె ఏడవలేదు. "ప్రార్థనలో దేవుడికి దారి చెప్పబాకు, ఇంటి గురుతు చెప్తే చాలు" అని నన్ను పక్కన మోకాళ్ల మీద కూర్చోబెట్టుకుంది.

వాన వెలిశాక మామ గట్టు వెంట నడిచి వచ్చాడు, భుజాన తాడుచుట్టతో.

"పడవ మునిగిందంట గదయ్యా?" అంది అత్త.

"మునిగింది. అందరం ఒడ్డెక్కినాం. రాజావారు కారెక్కినారు, నేను నడిచినా."

అత్త గంప ఎత్తింది. కింద సగం కరిగిన అడుగు. "పెట్టు కాలు" అంది.

మామ పెట్టి చూశాడు. "ఇది నాది కాదు మే. పక్కింటోడిది."

అత్త నవ్వుతూనే ఏడ్చింది. ఆ సాయంత్రం వాకిలంతా ఊడ్చింది. మళ్లీ రాజావారి పడవ మా కాలవలో కనిపించలేదు.

పోయిన ఆదివారం కబురు విని నేను వెళ్లేసరికి కోడలు చీపురుతో వాకిట్లో ఆగిపోయి ఉంది. జనం వచ్చే వేళ. గేటు నుంచి గడప దాకా ఇసుకలో అత్త చెప్పుల గుర్తులు.

"ఊడ్చేదా, వద్దా అక్కా?"

"ఊడువమ్మా. ఇల్లు చేరిన మనిషికి ఇంక అడుగులు దాచేదెందుకు?"

ఆమె ఊడ్చింది. ఇసుక మీద చీపురు గీతలు పడ్డాయి. గడప పక్కన అత్త చెప్పులు మాత్రం ఇంటివైపు తిరిగి ఉన్నాయి.