మిద్దె మీద ఎండ

మా వదిన పేరమ్మకు ఒక జబ్బు ఉంది. చేయబోయే పని ఏదైనా సరే, అది అయ్యేదాకా ఎవరికీ చెప్పదు. ఆవిడ ఒక్కతే కాదు, మా పాళెంలో వేటకు పోయే ఇళ్లన్నీ అంతే. పడవను నీళ్లలోకి తోసేటప్పుడు ఎవరైనా "యాడికి?" అని అడిగితే ఆ పూటకు వేట మానుకుని ఇంటికొచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఏ దిక్కుకు పోతున్నారో, ఏ చేప కోసం పోతున్నారో నోటితో అనరు. అంటే వల ఖాళీగా వస్తుందని నమ్మకం. మగవాళ్లు సముద్రం దగ్గర పాటించే ఈ పట్టింపును మా వదిన వంటింటిదాకా తెచ్చింది. పులుసు పెడుతున్నావా, వేపుడు చేస్తున్నావా అని అడిగినా "తినేటప్పుడు తెలస్తాదిలే మే" అంటుంది.

నేనేమో నోట్లో నువ్వుగింజ నానని మనిషిని. నా పేరు ధనలక్ష్మి. పేరమ్మ మొగుడు ముత్యాలయ్య నాకు సొంత అన్న. పక్కపక్క ఇళ్లలో ఉంటూ ఆవిడ ఏమీ చెప్పక, నేను చెప్పకుండా ఉండలేక, ఇన్నేళ్లు ఎలా వేగామో ఆ దేవుడికే ఎరుక.

వదిన పుట్టింది పులికాట్ పక్క ఊళ్లో. పెళ్లయి వచ్చిన నాటి నుంచీ ఎండు చేపల పనే. అన్న తెచ్చిన వేలెడంత నెత్తళ్ల చేపల్ని ఉప్పునీళ్లలో కడిగి, పొద్దు పొడిచేసరికి ఇసుక మీద పరిచేది. పరిస్తే సరిపోతుందా? కుక్కలొస్తాయి, కాకులొస్తాయి, ఎవరి మేకో తొక్కుకుంటూ పోతుంది. సాయంత్రం దాకా కర్ర పట్టుకుని ఎండలో కాపలా ఉండాలి. అన్నం కూడా నిలబడే తినేది. ఇంత చాకిరీ చేసి గూడూరుకు మూట మోసుకుపోతే అక్కడి వేళాకోళం వేరు. "పేరమ్మా, చేపలు అమ్ముతుండావా, ఇసుక అమ్ముతుండావా?" అనేవాళ్లు. ఎంత జల్లించినా నెత్తళ్లకు పట్టిన ఇసుక వదలదు, ఏం చేస్తుంది మరి! నవ్వి ఊరుకునేది. ఇంటికొచ్చాక మాత్రం ముద్ద మింగుడు పడేది కాదు. నాకు మాత్రం ఆ మాట అన్నవాళ్ల నోట్లో గుప్పెడు ఇసుక కొట్టాలనిపించేది.

అలాంటి మనిషి ఇల్లు కట్టే మాట వచ్చినప్పుడు మొండికేసింది. అన్న రేకులు చాలన్నాడు. ఆవిడ "స్లాబే పొయ్యాల" అంది. ఎందుకని అడిగితే చెప్పదు. బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంటుంది. వయసు మీద పడ్డాక షోకు పుట్టిందని నేను కూడా ఆట పట్టించాను. చివరికి ఆవిడ మాటే నెగ్గింది.

స్లాబు ఆరాక ఒకరోజు పైకి వెళ్లాను. మా వదిన మోకాళ్ల మీద కూర్చుని, గచ్చును అరచేత్తో నిమురుతోంది. చేతికి ఏమీ అంటుకోలేదు కదా అని చేయి తిప్పి చూసుకుంటోంది. చుట్టూ నడుమెత్తు పిట్టగోడ. కుక్క రాలేదు, మేక రాలేదు. నాకు అప్పుడు వెలిగింది.

"ఓసి నీ ఇల్లు బంగారం కానూ! నెత్తళ్లు ఎండబెట్టేదానికా వదినా ఈ మిద్దె?"

చటుక్కున నా నోరు మూసింది. "మొదటి చేప ఎండేదాకా ఈ మాట బయటికి వొచ్చిందంటే నా మీద ఒట్టే. మీ అన్నకు కూడా చెప్పొద్దు" అంది. కళ్లలో నీళ్లు. ఇల్లు పడుకోవడానికి కాదు, వంటకు కాదు. ఇసుక లేని నాలుగు గజాల ఎండ కోసం కట్టించుకుంది పిచ్చిది. ఒట్టేశాను. నా కడుపు ఉబ్బిపోయింది గానీ ఎవరికీ చెప్పలేదు.

సరిగ్గా అప్పుడే పిడుగులాంటి మాట వచ్చి పడింది. ప్లాను గీసిన సంజీవరావు గారు వచ్చి, కొత్తగా కట్టే ఇళ్లకు పైన సోలార్ ప్లేట్లు ఉండి తీరాలని, అవి బిగిస్తేనే ఇంటికి మీటరు ఇస్తారని చెప్పాడు. అన్నకు సంబరమే సంబరం. "ఎండ ఊరికే పోతుండాది గదా, కరెంటన్నా వొస్తాది" అన్నాడు.

"పైన మీరేం చేసుకుంటారమ్మా?" అని సంజీవరావు గారు వదినను అడిగాడు కూడా. ఇక్కడే కదా నాకు ఒళ్లు మండింది! చెప్పు తల్లీ, ఇప్పుడైనా చెప్పు అని నేను వెనక నుంచి మోచేత్తో పొడిచాను. ఆవిడ తల దించుకుని "ఏముండాది, ఏమీ లేదు సార్" అంది. ఆయన సరేనని వెళ్లిపోయాడు.

అది వేట నిషేధం కాలం. పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. మళ్లీ పడవలు దిగేలోపు ఇల్లు సిద్ధం కావాలని అన్న తొందర. వదిన మాత్రం రోజురోజుకూ చిక్కిపోయింది. మిద్దె ఎక్కడం మానేసింది. ఒకనాడు పాత కర్రను వెతికి తీసి, చివర అరిగిపోయిందని కొత్త గుడ్డ చుట్టుకుంటోంది. మళ్లీ ఇసుకకే పోవడానికి సిద్ధపడుతోందని అర్థమైంది.

ప్లేట్లు బిగించే అబ్బాయి షాహుల్ గూడూరు నుంచి ఆటోలో సామాను వేసుకుని వచ్చాడు. వదిన ఎక్కడా కనపడకపోయేసరికి నేనే పైకి తీసుకెళ్లాను. టేపు పట్టి కొలిచి, నడిమిద్దెలో సుద్దముక్కతో పొడవాటి గీతలు గీశాడు. ఈ చివర నుంచి ఆ చివరకు పరుచుకుంది ఆ గీతల చోటు. చుట్టూ మిగిలింది మనిషి తిరిగే దారి మాత్రమే.

డ్రిల్లు మిషను చేతికి తీసుకున్నాడు. అప్పుడు మెట్ల మీద నుంచి వదిన వచ్చింది. వచ్చి, ఒక్క మాటయినా అనకుండా ఆ గీతల మధ్య కూర్చుంది.

"అక్కా, కొంచెం పక్కకు జరగండి. గచ్చుకు బోల్టులు దించాల" అన్నాడు షాహుల్.

ఆవిడ జరగలేదు. ఆ పిల్లవాడికి ఏం అర్థమవుతుంది! బిక్కమొహం వేసుకుని నా వైపు చూశాడు. కింద నుంచి అన్న ఒకటే కేకలు. "ఏందే నీ మూగనోము? ఆ పిల్లోడి పని చెడగొడతావా?" అంటూ పైకి వస్తున్నాడు.

ఇంక నా వల్ల కాలేదు. ఒట్టు తీసి గట్టున పెట్టాను.

"నెత్తళ్లు ఎండబెట్టేదానికి కట్టించుకునింది అన్నా ఈ మిద్దె! ఇన్నేళ్లూ ఇసకలో మాడింది చాల్లేదా? నడిమధ్యన ఈ ప్లేట్లు పరిస్తే దాని చేపలు యాడ పోసుకుంటాది, నీ నెత్తిన పోసుకుంటాదా?"

వదిన రెండు చేతులతో చెవులు మూసుకుంది. "చెప్పేసినావు గదే! ఇంక ఎండవు, ఒక్కటి కూడా ఎండదు!" అని గొల్లుమంది. అన్న మెట్ల మీదే ఆగిపోయాడు. పడవ దగ్గర ఎవరూ నోరెత్తకూడదని శాసించే మనిషి, పెళ్లాం నోరెత్తకపోవడం చూసి కొయ్యబారిపోయాడు.

షాహుల్ మిషను కింద పెట్టాడు. వదిన ఎదురుగా గొంతుకూర్చున్నాడు.

"మిద్దె ఖాళీ అని సారుతో అన్నారంట గదక్కా, అందుకని మధ్యలో గీసినా. పైన ప్లేట్లు ఉండాలన్నారే గానీ మధ్యలోనే ఉండాలని ఎవురన్నారు? మా అమ్మ జమాల్‌బీ మిరపకాయలు ఎండబోసుకునే తావులో ప్లేట్లు పెట్టినానని ఇంట్లోకి రానీలేదు నన్ను. మీరు గూడా అట్టా ఒక్క తిట్టు తిట్టుంటే పొయ్యేది గదా!"

వదిన ఏడుపు ఆపి తలెత్తింది. "వేరే తావులో పెట్టొచ్చా?" అంది, చిన్నపిల్లలా.

"ఉత్తరం పక్క గోడవారన పొడుగు స్తంభాలు లేపి, వాటి మీద బిగిస్తా. మనిషి కింద నిలబడొచ్చు. నీడ ఆ గోడ దగ్గరే పడతాది, మీ చేపల మీదికి రాదు."

నమ్మలేక వదిన నా మొహం చూసింది. షాహుల్ అక్కడి నుంచే సంజీవరావు గారికి ఫోను చేసి, అందరికీ వినపడేలా స్పీకరు పెట్టాడు. "ఎత్తుగా పెడితే ఇంకా మంచిదేనయ్యా, తుఫాను గాలికి ఆగేలా గట్టిగా దించండి. ఆ మాట ఆరోజే చెప్పుంటే ప్లానులోనే గీసేవాణ్ణి కదమ్మా!" అన్నాడాయన. అడగందే అమ్మయినా పెట్టదని ఊరికే అన్నారా? ఒక్క మాటతో పోయేదానికి ఎన్ని రోజులు అన్నం మానేసింది! నాకు కోపం, నవ్వు, ఏడుపు అన్నీ ఒక్కసారే వచ్చాయి. అన్న మాత్రం తడిగుడ్డ తెచ్చి, గచ్చు మీద సుద్దగీతలు తనే తుడిచాడు.

మేస్త్రీ మాలకొండయ్య సణుక్కుంటూనే వచ్చి స్తంభాలకు కాంక్రీటు పోశాడు. ప్లేట్లు ఎక్కాయి. మీటరు వచ్చింది. అయినా వదినకు బెంగ పోలేదు. నేను నోరు జారాను కాబట్టి మొదటి చేప పాడైపోతుందని ఆవిడ లెక్క.

నిషేధం ముగిసి, పడవలు దిగి, అన్న నెత్తళ్లు తెచ్చిన రోజున పొద్దున్నే మబ్బు పట్టింది. ఇంకేముంది! "చూసినావా నీ నోటి మహిమ?" అని నా మీద విరుచుకుపడింది. "నా నోటికి అంత మహిమ ఉంటే నీ మొగుడి సారా ఎప్పుడో మాన్పించేదాన్ని" అన్నాను. పైకి అలా అన్నానే గానీ, లోపల మాత్రం ఊళ్లో ఉన్న అమ్మవార్లందరికీ మొక్కాను. పాత వల ముక్కలు పరిచి, వాటి మీద నెత్తళ్లు పోశాం. కాసేపటికి సముద్రం మీద నుంచి గాలి లేచింది. మబ్బు చెదిరిపోయింది. మిద్దె అంతా ఎండ పడింది. అమ్మయ్య! నా నెత్తిన పాలు పోసినట్లయింది. ఇంటికి పోయి పని చూసుకున్నాను.

మధ్యాహ్నం వదినకు అన్నం తీసుకుని పైకి వెళ్లాను. నెత్తళ్లు అప్పుడే వెండిలా బిగుసుకుంటున్నాయి. ఒకటి తీసి నోట్లో వేసుకుని కొరికాను. పంటి కింద ఇసుక తగల్లేదు. వదినకు చెబుదామని చూస్తే మనిషి లేదు.

ఉత్తరం గోడవారన, సోలార్ ప్లేట్ల కింద పడ్డ చారెడు నీడలో, కొంగు పరుచుకుని పడుకుని ఉంది. నోరు కొంచెం తెరుచుకుని, చిన్నగా గురక పెడుతోంది. చేపలు ఎండలో ఉండగా మా వదిన పడుకోవడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. అన్నం గిన్నె మీద మూత పెట్టి, చప్పుడు కాకుండా పక్కన ఉంచాను. ఆవిడ లేచేదాకా చేపల్ని నేనే తిరగేశాను.