కడసారి స్నానం నేర్పే క్లాసు

నా నోరు మంచిది కాదని బోధన్ బజారులో సగం మందికి తెలుసు. లేడీస్ టైలర్‌ని. జాకెట్టు బిగుతైందని గొడవకొచ్చిన వాళ్లను "నువ్వు లావైతే నా కత్తెర ఏం జేస్తది?" అని పంపించేస్తాను. నోరు మంచిదైతే ఊరు మంచిదని మా అమ్మ చిన్నప్పటి నుంచి చెప్పి చెప్పి అలసిపోయింది. అట్లాంటి నా నోరు మూయించిన విద్య ఒకటుంది. నలభై దాటాక నా కాళ్లతో నేనే నడిచివెళ్లి నేర్చుకున్నాను. చనిపోయిన ఆడవాళ్లకు స్నానం చేయించే విద్య.

మాది వేల్పూర్ దగ్గర ఒక పల్లె. ఊళ్లో సాయిబుల ఇళ్లు నాలుగైదు ఉంటాయి, అంతే. ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఉర్దూ నా నాలుకకు ఎక్కింది పెళ్లయి బోధన్ వచ్చాకే. మాలో మనిషి పోతే మట్టి చేసే ముందు స్నానం చేయించాలి, ఆడమనిషికి ఆడవాళ్లే చేయించాలి. ఆ పద్ధతంతా తెలిసిన ముసలవ్వ ఒకామె మా ఊళ్లో ఉండేది. ఆమె ఉన్నన్నాళ్లూ ఎవరికీ నేర్చుకునే పని పడలేదు. ఆమె పోయాక మా చిన్నమ్మ, అంటే అమ్మ చెల్లెలు, చనిపోయింది. అప్పుడు తెలిసింది, ఊళ్లో ఒక్కరికీ ఆ పని రాదని.

పొద్దున్నే పోయిన మనిషిని మధ్యాహ్నం దాకా అట్లాగే పడుకోబెట్టారు. ఆర్మూర్ నుంచి ఇద్దరు ఆడవాళ్లను ఆటోలో పిలిపించారు. వాళ్లకు మళ్లీ ఇంకో ఊరు పోవలసి ఉందట, తొందర. పరదాకు ఇవతల నేనూ అమ్మా నిలబడ్డాం. అవతల నీళ్లు దబదబా పడుతున్నాయి. "అటు తిప్పు, ఇటు నూకు" అని వినబడింది. బల్లకు ఏదో ఠక్కున తగిలింది. తలో, మోచెయ్యో ఇప్పటికీ తెలియదు. అమ్మ నా చెయ్యి పట్టుకుని ఉంది, ఆమె గోళ్లు నా చేతిలో దిగాయి.

మరుసటి ఏడాది అమ్మకు పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయింది. బోధన్‌కు తెచ్చుకున్నాను. మాట మెల్లగా తిరిగి వచ్చింది గానీ ఎడమ చెయ్యీ కాలూ రాలేదు. మాట వచ్చిన మొదటి రోజుల్లోనే నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"నన్ను గట్ల బియ్యం బస్తా లెక్క దొర్లియ్యొద్దు బిడ్డా. నువ్వే కడుగాలె. ఇంకోల్ల చెయ్యి నా మీద పడొద్దు."

"సచ్చినంక నీకేం తెల్తదే అమ్మా!"

"తెల్తది. నీకు తెల్వది గని నాకు తెల్తది. మాటియ్యి."

మాటిచ్చాను. ఇచ్చిన రోజు నిద్ర పట్టలేదు. శవమంటే నాకు పై ప్రాణాలు పైనే పోతాయి. చిన్నమ్మ ముఖం కూడా గడప దగ్గర నుంచే చూశాను. ఊరంతా నా నోటికి భయపడుతుంది, నేనేమో తెల్లగుడ్డ కప్పిన మనిషికి భయపడతాను. అమ్మకు ఆ సంగతి తెలుసు. తెలిసే అడిగింది.

బోధన్‌లో ఒక ఆడపిల్లల మదరసా మేడ మీద శుక్రవారం మధ్యాహ్నాలు ఈ క్లాసు జరిగేది. కిటికీలోంచి చూస్తే మూతబడ్డ చక్కెర ఫ్యాక్టరీ పొగగొట్టం కనబడుతుంది. గదిలో ఒక చెక్కబల్ల, బకెట్టు, మగ్గు, తెల్లబట్ట తాను, కర్పూరం. నేర్పేది పాతబస్తీ ఇంటి పెద్దావిడ. అక్కా అన్నట్టు అందరం ఆపా అనేవాళ్లం. వాళ్ల అమ్మా నానమ్మా కూడా ఈ పనే చేశారట. పోయిన మనిషిని ఆమె శవమనేది కాదు, మయ్యత్ అనేది. నేను మొదటిరోజు గుమ్మం దగ్గరే ఆగిపోతే చెయ్యి పట్టి లోపలికి లాగింది.

"డరో నక్కో బేటీ. మయ్యత్ ఏం జెయ్యది. జేస్తె గీస్తె జిందా ఉన్నోళ్లే జేస్తరు."

బల్ల మీద ఎవరో ఒకరు మయ్యత్‌గా పడుకోవాలి, మిగతావాళ్లు నేర్చుకోవాలి. బట్టలు ఒంటి మీదే ఉంటాయి, నీళ్లు పోసినట్టు మగ్గు మాత్రం తిప్పుతాం. మొదట గాజులమ్మే ఆమె పడుకుంది. మనిషి భారీ, మాట ఇంకా భారీ. పడుకున్న కాసేపటికే గురక మొదలుపెట్టింది. "ఆగున్రి జర, మయ్యత్ గురకపెడ్తుంది" అంది ఆపా. పడీ పడీ నవ్వాం. నా భయం సగం తగ్గింది ఆ గురక వల్లే. అల్లా ఆమెకు మంచి నిద్రనివ్వాలి.

ఆపా పాఠం ఎప్పుడూ నీళ్ల దగ్గర మొదలయ్యేది. మణికట్టు లోపలి వైపు పోసుకుని చూడాలి. "గీ నీళ్లు నీ పసిబిడ్డకు పోస్తవా? పోస్తనంటేనే మయ్యత్‌కు పొయ్యి" అనేది. ముందు బొడ్డు నుంచి మోకాళ్ల దాకా బట్ట కప్పాలి. చేతికి గుడ్డ చుట్టుకోవాలి. తడి దూదితో పళ్లు తుడవాలి. ముఖం, చేతులు, తల, కాళ్లు. ఎడమ పక్కకు ఒరిగించి కుడివైపు ముందు కడగాలి, తర్వాత ఎడమ. కొంచెం లేపి కూర్చోబెట్టి పొట్ట మీద అతి మెల్లగా నిమరాలి. చివరికి కర్పూరం నీళ్లు. మగ్గు ఒంటికి దగ్గరగా పెట్టి పోయాలి, చప్పుడు కాకూడదు. లోకాభిరామాయణం అసలే కూడదు. దువా, అంటే ప్రార్థన, తప్ప నోట మాట రాకూడదు. నాకు అన్నిటికన్నా కష్టమైంది అదే.

మయ్యత్‌కు చుట్టే కఫన్ బట్ట కత్తిరించే పాఠం వచ్చినప్పుడు మాత్రం, ఇది మన ఇలాకా అనుకున్నాను. నడినెత్తి నుంచి పాదాల దాకా కొలిచి, కింద ఒక జానెడు కలిపి, తాను పరిచి చకచకా కత్తిరించాను. ఆపా చూసి అంచు దగ్గర వేలు పెట్టింది.

"ఇటుపక్క గీ ఎక్కువెందుకు వదిల్నవ్?"

"కుట్టుకు ఆపా. కొంచెం లోపలికి కూడా వదిల్న, రేపు లావైతే విప్పుకోనీకి."

గదిలో ఎవరూ నవ్వలేదు. ఆపా కూడా నవ్వలేదు. "కఫన్‌కు కుట్టు లేదు బేటీ. ఈమె ఇంక లావుగాదు" అంది. ఇరవయ్యేళ్లుగా చేతికి పట్టిన అలవాటు, కత్తెర పెడితే చాలు దానంతటదే రెండు వేళ్లు ఎక్కువ వదులుతుంది. ఆ రెండు వేళ్ల బట్ట కత్తిరించి తీసేస్తుంటే నాకు ఎక్కడలేని దుఃఖం వచ్చింది.

తర్వాతి వారం ఆపా నన్నే పడుకోమంది. ముఖం మీదికి తెల్లగుడ్డ కప్పారు. వెలుతురు పాలలా అయింది. "ఈమె చెయ్యి ఎత్తున్రి." "ఈమె తల కింద పట్టున్రి." నా చుట్టూ ఉన్నది నాకు తెలిసినవాళ్లే. అయినా నాతో ఎవరూ మాట్లాడటం లేదు, నా గురించి మాట్లాడుతున్నారు. ఎవరిదో చెయ్యి తొందరలో నా మోచేతిని బల్లకు కొట్టించింది. చిన్న దెబ్బే. అమ్మా అనబోయి ఆపుకున్నాను, మయ్యత్ మాట్లాడదు కదా. అప్పుడు అర్థమైంది. తెల్తదని అమ్మ అన్నది ఇదే. చిన్నమ్మకు కూడా తెలిసే ఉంటుంది, చెప్పడానికి లేక ఊరుకుంది అనిపించింది. గుడ్డ తీసేసరికి నా చెవుల్లోకి కన్నీళ్లు కారి ఉన్నాయి.

క్లాసు నుంచి రాగానే అమ్మ అడిగేది. "ఇయ్యాల ఏం నేర్పిన్రు?" పెళ్లి సామాను వివరం అడిగినట్టు ఒక్కొక్కటీ అడిగేది. జుట్టు రెండు జడలు అల్లి ఎద మీద పెట్టాలని చెబితే తల తడుముకుంది. "ఉన్నది పిలకంత. గిండ్ల రెండు జడలెట్ల ఏస్తవే?" అని ఒకటే నవ్వు. నాకు నవ్వు రాలేదు. ఆ పిలకను ఎట్లా పాయలు తీయాలో నా చేతులు అప్పుడే లెక్క వేస్తున్నాయి.

ఒకరోజు ఆపా నుంచి ఫోన్ వచ్చింది. మా వీధికి దగ్గర్లోనే ఒక ముసలామె పోయింది, రమ్మంది. వెళ్లాను. ఆమె భుజం ముట్టుకున్నాను. ఆ చల్లదనం ఏ నీటి చల్లదనమూ కాదు. కానీ చేతులు ఆగలేదు. ఒకదాని తర్వాత ఒకటి వాటికవే చేసుకుపోయాయి. బయటికి వచ్చాక ఆపా నా తల నిమిరి "బస్, ఇంక మీ అమ్మ ఫికరు వదిలెయ్యి" అంది. ఇంటికి వచ్చి అమ్మకు చెబితే, ఆ రోజు రెండు ముద్దలు ఎక్కువ తిన్నది. ఇచ్చిన మాట నిలబెట్టుకోగలనని నాకూ ధైర్యం వచ్చింది. అక్కడితో అయిపోతుందనుకున్నాను.

అవలేదు. కర్పూరం వాసన చేతుల్నుంచి పోయేది కాదు. సబ్బుతో కడిగి, నిమ్మకాయతో రుద్ది, మా ఆయన ముక్కు దగ్గర పెడితే "ఏం వాసన లేదు, నీకు పిచ్చి" అనేవాడు. నాకు వచ్చేది. పక్కింట్లో ఎవరైనా స్నానం చేస్తూ మగ్గు ముంచితే కుట్టే మిషన్ మీద నా కాలు ఆగిపోయేది.

మా దుకాణానికి క్యాంపు నుంచి ఒకావిడ వస్తుంది. తాతల నాడు కోస్తా నుంచి వచ్చి కాలువ కింద భూములు కొనుక్కున్న వాళ్లు, వాళ్ల ఊళ్లను మా దగ్గర క్యాంపులంటారు. మనవరాలి ఓణీల ఫంక్షన్‌కు పట్టు జాకెట్టు కుట్టించుకోవాలని వచ్చింది. టేపు తీసుకుని కొలుస్తున్నాను. ఉన్నట్టుండి ఆమె పకపకా నవ్వింది.

"ఏంటమ్మా, జాకెట్టుకి కాళ్ల దాకా కొలుస్తున్నావు? నాకేమన్నా గౌను కుడతావా?"

కిందికి చూసుకున్నాను. టేపు ఆమె నడినెత్తి నుంచి పాదాల దాకా ఉంది. పాదాల కింద ఒక జానెడు కలుపుకుని పట్టుకున్నాను. నిండు ప్రాణంతో నవ్వుతున్న మనిషి! తోబా తోబా అని టేపు కింద పడేశాను. పాత జాకెట్టు ఆదికి ఇచ్చి పొమ్మన్నాను. ఆమె ఏమనుకుందో. ఆమె పోయాక షట్టర్ సగం దించి కూర్చున్నాను.

అమ్మకు రోజూ స్నానం చేయించేది నేనే. బాత్రూంలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, "కదలకు", "కాలెత్తు", "నీ బరువుకు నా నడుం ఇరుగుతుంది" అని మొదటి మగ్గు నుంచి చివరి మగ్గు దాకా తిడుతూ పోస్తాను. ఆమె తిరిగి తిడుతుంది. వీధిలోకి వినబడుతుంది. ఎవరైనా కొత్తవాళ్లు వింటే కొట్టుకుంటున్నారనుకుంటారు.

క్యాంపు ఆవిడ వచ్చిన మరుసటి పొద్దున నీళ్లు వేడిచేసి కలిపాను. మణికట్టు మీద పోసుకుని చూశాను. అమ్మను కూర్చోబెట్టి బొడ్డు నుంచి మోకాళ్ల దాకా తువ్వాలు కప్పాను. చేతికి గుడ్డ చుట్టుకున్నాను. పళ్లు తుడిచాను. ముఖం, కుడి చెయ్యి, ఎడమ చెయ్యి. ఎడమ పక్కకు గోడ మీదికి ఒరిగించి, కుడి భుజం మీద మగ్గు ఆనించి చప్పుడు కాకుండా పోశాను. ఇవన్నీ చేస్తున్నానని నాకు తెలియదు. ఏమీ ఆలోచించడం లేదు. మనసు ఎంతో నిమ్మళంగా ఉంది.

"ఏందే, సప్పుడు జేస్తలేవు?" అంది అమ్మ. వినబడింది గానీ, నాతో అన్నట్టు అనిపించలేదు.

"బిడ్డా," అంది అమ్మ. "నేనింక పోలేదే."

చెయ్యి చూసుకున్నాను. అది అమ్మ పొట్ట మీద ఉంది, మెల్లగా కిందికి నిమురుతోంది. అమ్మ నన్నే చూస్తోంది. ఆమె కళ్లలో అంత భయం నేను పక్షవాతం వచ్చిన రోజు కూడా చూడలేదు.

"తిట్టు నన్ను" అంది. "రోజు తిడ్తవు గద. తిట్టు."

తిడదామనే నోరు తెరిచాను. దువా వచ్చింది. అక్కడ నేర్చుకున్న దువా, పోయినవాళ్ల కోసం చదివేది. ఆపుకుందామన్నా ఆగలేదు. అమ్మ తన మంచి చెయ్యి లేపి, తడి అరచేత్తో నా నోరు గట్టిగా మూసింది.

"గది నేను పోయినంక సదువు. ఇప్పుడు వీపు రుద్దు."

వెనక్కి వెళ్లాను. గుడ్డ విప్పి పారేసి, పీచు తీసుకుని సబ్బు పెట్టాను. ఏడుస్తూ రుద్దాను.

"గట్టిగ" అంది అమ్మ. 

రుద్దాను.

"ఇంక గట్టిగ రుద్దే, బతికున్నదాన్ని!"

ఉన్న బలమంతా పెట్టాననే అనుకున్నాను. పీచు అమ్మ వీపు మీద మెత్తగా, చప్పుడు లేకుండా జారుతూనే ఉంది.