పోతురాజు చేపపిల్లలు

పోతురాజు ఒక్కచోట కుదురుగా నిలబడగా చూసినవాళ్లు కోటబొమ్మాళి ప్రాంతంలో లేరు. అతను చేపపిల్లలు అమ్మేవాడు. కావిడికి రెండు వైపులా నీళ్ల కుండలు, కుండల్లో పిల్లలు. నీళ్లు కదలకపోతే పిల్లలు ఊపిరాడక చస్తాయి. అందుకని నడిచేటప్పుడు భుజం ఎగరేస్తూ, ఆగి మాట్లాడేటప్పుడు మోకాళ్లు ఆడిస్తూ ఉండాలి. ఏళ్ల తరబడి ఆ పని చేసేసరికి, కావిడి లేకపోయినా, పెళ్లిపందిట్లో అక్షింతలు వేసేటప్పుడైనా ఊగుతూనే ఉండేవాడు. కొత్తవాళ్లు తాగి ఉన్నాడనుకునేవారు. తెలిసినవాళ్లూ అనుకునేవారు, ఒక్కొక్కసారి అది నిజమే.

తొలకరికి ఊరి పక్క వాగులో, అక్కడివాళ్ల మాటలో గెడ్డలో, కొత్తనీరు రాగానే చేపలు ఎదురెక్కి, పక్కపొలాల్లో నిలిచిన నీళ్లలో గుడ్లు పెట్టేవి. పోతురాజు ఆ గుడ్లను గుడ్డతో దేవి తెచ్చేవాడు. గెడ్డ ఒడ్డున నాలుగు కర్రలు పాతి, భార్య దానమ్మ పాత నూలుచీరను నీళ్లలో ఉయ్యాలలా కట్టి, అందులో పొదగనిచ్చేవాడు.

"నా సీరలన్నీ సేపలే కట్టేస్తన్నాయి" అని దానమ్మ సణిగేది.

పిల్లలు కాస్త ఎదిగాక చెరువులు వేలంలో పాడుకున్న ఆసాములకు అమ్మేవాడు. కొనేవాళ్లకు ఒక పద్ధతి ఉంది. పళ్లెంలో పిల్లల్ని పోసి నీళ్లను చేత్తో గుండ్రంగా తిప్పుతారు. గట్టి పిల్ల నీటికి ఎదురీదుతుంది. పీల పిల్ల సుడిలో పడి మధ్యకు కొట్టుకుపోతుంది. పళ్లెం కనబడితే మిగతా అమ్మకందార్ల మొహాలు మాడిపోయేవి. పోతురాజు మాత్రం ఊళ్లోకి అడుగు పెడుతూనే "తిప్పి సూసే కొనండి బాబూ!" అని అరిచేవాడు. అతనికి ఆస్తంటూ ఉంటే అదే.

పంతొమ్మిది వందల అరవై ఏడులో నరసింగరావు అనే మోతుబరి గెడ్డకు ఎగువన, నూలుకు రంగులద్దే షెడ్డు పెట్టాడు. ప్రారంభం నాడు కొబ్బరికాయ కొట్టే గౌరవం పోతురాజుకు దక్కింది. షెడ్డు వదిలిన నీళ్లు గెడ్డలో కలిసేవి. ఒకనాడు ఎరుపు, ఒకనాడు నీలం. ఊరికి అదొక గొప్ప అయింది. చుట్టాలొస్తే తీసుకెళ్లి చూపించేవారు. ఈసారి ఏ రంగు చీరలు రాబోతున్నాయో ఆడవాళ్లు గెడ్డను చూసి చెప్పేసేవారు. ఒక ఆకుపచ్చ గేదె ఎవరిదో తేలక రెండు రోజులు బందెలదొడ్డిలో ఉంది. దోమలు తగ్గాయని నరసింగరావు అనేవాడు. నిజంగానే తగ్గాయి. కప్పలూ తగ్గాయి గానీ, ఆ మాట ఆయన అనలేదు.

మరుసటి తొలకరికి పోతురాజు ఉయ్యాల విప్పి చూస్తే, గుడ్లు చాలా మటుకు సున్నం చుక్కల్లా తెల్లబడి ఉన్నాయి. బయటికొచ్చిన పిల్లలకు వెన్ను కొడవలిలా వంగింది. పొట్టలు నీరు పట్టి ఉబ్బాయి. అవి ముందుకు పోలేక ఉన్నచోటే గిరగిరా తిరుగుతున్నాయి. దిష్టి తగిలిందని ఉప్పు, మిరపకాయలు దిగదుడిచాడు.

"దిష్టి కాదు, గెడ్డ నీరు సూడు" అంది దానమ్మ. "పసిగుడ్డు అందులో ఎలగ బతుకుతాది?"

"ఊరుకోయే! కొబ్బరికాయ కొట్టినోణ్ని నాను."

తిన్నగా కనబడినవాటిని ఏరి, నరసన్నపేట దగ్గర చెరువు పాడుకున్న జగన్నాధం ఇంటికి మోసుకెళ్లాడు. జగన్నాధం పళ్లెంలో నీళ్లు తిప్పాడు. పిల్లలన్నీ ఒక్కటై సుడిలో పడ్డాయి.

"ఏటిరా పోతురాజూ, నీ పిల్లలు శానా మర్యాదస్తులైపోనాయి! నీరెటు పోతే అటే పోతన్నాయి."

"పెయాణం బడలిక బాబూ."

"మోసినోడివి నువ్వు, బడలిక వాటికేటిరా!"

కొనలేదు. పోతురాజు తిరిగొచ్చి నేరుగా షెడ్డుకు వెళ్లి, గెడ్డ నీటికి పిల్లలు పాడవుతున్నాయని చెప్పాడు. నరసింగరావు కోప్పడలేదు. బేసిన్లో గెడ్డ నీళ్లు తెప్పించి, అందులో మోచెయ్యంత కొర్రమీనును వదిలించాడు. అది తోక ఝాడించింది.

"సూసినావా? సచ్చిందా?"

"లేదు బాబూ."

"మరి?"

పోతురాజు కావిడి ఎత్తుకున్నాడు. ఇంటికొచ్చి చెబితే జవాబు దానమ్మ దగ్గర ఉంది: "ముసిలోడు సారా తాగితే సావడు. అదే సారా పురిటిబిడ్డకి పట్టమను, తెలుస్తాది."

ఆ వారమే నరసింగరావు కబురు పెట్టాడు. షెడ్డు చూడటానికి పెద్దలొస్తున్నారు. వాళ్ల ముందు తన చెరువులో చేపపిల్లల్ని వదిలితే బాగుంటుంది. వాటిని తనే కొంటాడు. "తిప్పడం గిప్పడం వద్దు. పెద్దోళ్ల ముందు బాగోదు" అన్నాడు.

సభ బాగా జరిగింది. పోతురాజు మెడలో దండ వేశారు. వంకరపిల్లలు చెరువులో పడ్డాయి. ఒక పెద్దమనిషి వంగి చూసి, "ఎంత చక్కగా నాట్యం చేస్తున్నాయో!" అన్నాడు.

దాంతో పళ్లెం పనైపోయింది. నరసింగరావుగారే తిప్పకుండా కొన్నారంటే, తిప్పేవాడు ఆయన కంటే గొప్పవాడా? ఆసాములు వరసగా కుండలతో సహా కొన్నారు. జగన్నాధం కూడా "తిప్పనులే, తెచ్చి పడెయ్యి" అని కబురు చేసి తీసుకున్నాడు. పోతురాజు సరుకు ఏనాడూ అంత సులువుగా అమ్ముడుపోలేదు.

వేసవిలో చెరువులకు వలలేస్తే నాచు వచ్చింది. నీటికుక్కలు తిన్నాయని ఒకరు, కాపలావాడు తిన్నాడని ఒకరు కొట్టుకున్నారు. ఇద్దరు కాపలావాళ్ల పని ఊడింది. పోతురాజును ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. అతనికి అన్నం సహించలేదు.

"నిన్నెవులూ తిట్టలేదని బెంగెట్టుకున్నావేటి?" అంది దానమ్మ.

"ఒక్కడైనా తిట్టాల కదే. నా పిల్లలు గదా!"

అరవై తొమ్మిది తొలకరికి గుడ్ల నుంచి మళ్లీ వంకరపిల్లలే వచ్చాయి. ఆసాములు వాటి కోసం మనుషుల్ని పంపారు. పోతురాజు ఉయ్యాల విప్పి, పిల్లల్ని గట్టు మీద గొయ్యిలో పోసి మట్టి కప్పాడు. ఉత్త కుండలతో కావిడి ఎత్తుకుని నరసన్నపేట దారి పట్టాడు.

"ఈ ఏడు నా దగ్గర పిల్లల్లేవు బాబూ" అన్నాడు జగన్నాధంతో.

"లేవని సెప్పడానికి ఇంత దూరం వచ్చినావేటిరా?"

"నాను రాకపోతే నా పేరు సెప్పి ఇంకెవులైనా అమ్మేస్తారు బాబూ."

జగన్నాధం నవ్వాడు. "నీ పేరుకి అంత గిరాకీ ఉన్నాదేటి?"

"వంకరపిల్లలకి ఉన్నాది బాబూ. శానా ఉన్నాది."

మజ్జిగ ఇప్పిస్తే నిలబడే తాగాడు. ఇంకా చెప్పవలసిన ఊళ్లున్నాయని కావిడి ఎత్తుకున్నాడు.