శౌరమ్మ పోసిన నీళ్ళు

శౌరమ్మ మంత్రసాని పనిలోకి దిగింది తన మొదటి కాన్పు పోయాకనే. అంతకుముందు కాన్పులు చేసే అత్తగారు తోడు రమ్మని ఎంత పిలిచినా, "నా వల్ల కాదత్తా, ఆ రక్తం చూళ్ళేను" అని తప్పించుకునేది.

పందొమ్మిది వందల యాభై నాటి మాట అది. నిండు నెలలతోనే మిరపకోతకు వెళ్ళింది. సాళ్ళ మధ్యనే నొప్పులొచ్చాయి. తోటి కూలీలు చీరలు అడ్డం పట్టారు. మగబిడ్డ పుట్టాడు గానీ ఏడవలేదు. కాసేపు గుప్పిళ్ళు విప్పి ముడిచాడు. చుట్టూ ఉన్న ఆడవాళ్ళంతా ఆదివారం పూజ తప్పని వాళ్ళే, జపాలన్నీ నోటికి వచ్చిన వాళ్ళే. అయినా ఆ బిడ్డ తల మీద ఇన్ని నీళ్ళు పోసి జ్ఞానస్నానం ఇవ్వచ్చని ఒక్కరికీ తెలియదు. అది ఫాదరుగారి పని అనుకున్నారు. కబురు పంపారు. రాయప్ప ఫాదరుగారు ఎండలో సైకిలు తొక్కుకుంటూ వచ్చేసరికి బిడ్డ చల్లబడిపోయాడు.

జ్ఞానస్నానం లేకుండా పోయిన బిడ్డను సమాధుల దొడ్లో పెట్టకూడదన్నది ఆనాటి కట్టుబాటు. గోడ అవతల నాగజెముడు పొదల పక్కన పూడ్చారు. నవంబరులో ఆత్మల పండుగ నాడు వేములదిన్నె ఊరి కథోలికులంతా గోడ లోపల కొవ్వొత్తులు వెలిగిస్తుంటే, శౌరమ్మ తన కొవ్వొత్తి పట్టుకుని గోడ బయట ముళ్ళ మధ్య కూర్చుంది. గాలికి ఆరిపోయిన ప్రతిసారీ మళ్ళీ వెలిగించింది.

ఆ సాయంత్రమే తిన్నగా గుడికి వెళ్ళి, వసారాలో ఉన్న ఫాదరుగారిని అడిగింది.

"మీరు వచ్చేలోపల పోయే బిడ్డకి దిక్కెవరండీ?"

ఆయన తల వంచుకున్నారు. "అది మీకు ముందే నేర్పి ఉండాల్సింది శౌరమ్మా. ప్రాణం మీదికొచ్చినప్పుడు జ్ఞానస్నానం ఎవరైనా ఇవ్వచ్చు."

"ఎవరైనా అంటే? గూడెం వాళ్ళయినానా?"

"ఎవరైనా. పోసేది మనిషి చెయ్యి, ఇచ్చేది ప్రభువు. మన తిరుసభ ఇచ్చేదే నేనూ ఇస్తున్నానని మనసులో ఉండాలి. మంచినీళ్ళు తల మీద పారాలి. పోస్తూ ఆ మాట తప్పు లేకుండా పలకాలి. అంతే."

"అయితే ఆ మాట నాకు నేర్పండి."

నేర్పారు. పితయొక్కయు, పుత్రునియొక్కయు, పవిత్రాత్మయొక్కయు నామమున నీకు జ్ఞానస్నానము ఇచ్చుచున్నాను. చదువు లేని శౌరమ్మ మిరపకాయలు కోస్తూ, పత్తి తీస్తూ, జొన్నలు విసురుతూ ఆ మాటే పలికేది. కూలీలు నవ్వినా ఆపలేదు. తర్వాత అత్తగారి వెనక కాన్పులకు వెళ్ళడం మొదలుపెట్టింది. రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయన్న మనిషి, అడ్డం తిరిగిన బిడ్డను కూడా నెమ్మదిగా సర్ది బయటికి తీసే మంత్రసాని అయింది.

కులం, మతం చూడకుండా ఎవరు పిలిచినా వెళ్ళేది. సాయిబుల బజారులో సైదాబీ కూతురికి ఆమే పురుడు పోసింది. కానీ ఆ ఇళ్ళల్లో ఈ నీళ్ళ ఊసే ఎత్తేది కాదు. "అడగని వాళ్ళ బిడ్డకి మన గుర్తు వెయ్యడానికి నేనెవర్ని?" అనేది. కథోలికుల ఇళ్ళల్లో కూడా తల్లిని అడక్కుండా చేసేది కాదు.

ఊళ్ళో పెద్ద ఇల్లు చిన్నపరెడ్డిది. గూడెంలో అతన్ని పెదరెడ్డి అనేవాళ్ళు. తాతల నాటి నుంచీ కథోలికులు. గుడి గంట వాళ్ళు ఇచ్చిందే. గుళ్ళో కుడివైపు రెడ్లు, ఎడమవైపు గూడెం వాళ్ళు కూర్చునేవాళ్ళు. సత్ప్రసాదం ముందు కుడివైపుకి అందేది. ఆ సంగతి ఎవరూ రాసి పెట్టలేదు, ఎవరూ దాటలేదు. శౌరమ్మ మొగుడు ఇన్నయ్య ఆ రెడ్డి దగ్గరే పాలేరు.

యాభై ఏడు మార్చిలో చిన్నపరెడ్డి కోడలు రీతమ్మకు తొలికాన్పు వచ్చింది. నెల ముందే వచ్చింది. బండి కట్టి గుంటూరు ఆసుపత్రికి తీసుకుపోదామంటే వ్యవధి లేదు. మగవాళ్ళంతా కల్లంలో మిరపకాయలు ఎండబోస్తున్నారు. రీతమ్మ అత్తగారు కంగారుపడి శౌరమ్మకు కబురుపెట్టింది. దొడ్డివాకిలి గుండా లోపలికి తీసుకెళ్ళారు.

బిడ్డ కాళ్ళతో వచ్చింది. ఆడపిల్ల. ఒళ్ళంతా నీలం. ఊపిరి లేదు. శౌరమ్మ నోట్లో వేలు పెట్టి జిగురు తీసింది, వీపు రుద్దింది, తలకిందులుగా పట్టుకుంది. గుండె దగ్గర చెయ్యి పెడితే ఎక్కడో లోతున కొట్టుకుంటున్నట్టుంది, ఆగుతున్నట్టుంది.

"అమ్మా రీతమ్మా, బిడ్డ ఆగేట్టు లేదు. జ్ఞానస్నానం ఇవ్వమంటావా?"

రీతమ్మ వగరుస్తూ ఆమె మణికట్టు పట్టుకుంది. "ఇవ్వు. ముందు అది ఇవ్వు."

పక్కన రాగిచెంబులో కాచి చల్లార్చిన నీళ్ళున్నాయి. మామూలప్పుడైతే ఆ ఇంటి చెంబు ముట్టుకునే దారి శౌరమ్మకు లేదు. ఇప్పుడు ఆ ఆలోచనే రాలేదు. చెంబెత్తి బిడ్డ నుదుటి మీద పోస్తూ, ఏళ్ళ తరబడి పలికిన మాట పలికింది. నీళ్ళు చిన్న తల మీదుగా పారి ఆమె మోచేతి దాకా కారాయి. వెంటనే బిడ్డను ఒళ్ళో వేసుకుని మళ్ళీ రుద్దడం మొదలుపెట్టింది. వదల్లేదు. అత్తగారు ఏడుస్తూ, "ఇంక వదిలెయ్యవే" అంటున్నా వదల్లేదు. కాసేపటికి పిల్ల ఎక్కిళ్ళు పెట్టింది. ఆ తర్వాత దొడ్లో గేదెలు బెదిరేట్టు ఏడ్చింది.

కల్లం నుంచి పరిగెత్తుకొచ్చిన చిన్నపరెడ్డి శౌరమ్మకు కొత్తచీర పెట్టించాడు. నీళ్ళ సంగతి మూడోనాడు భార్య నోటి వెంట తెలిసింది. ఆ పూటే మనిషి మారిపోయాడు.

"మా ఇంటి పిల్లకి గూడెం ఆడది జ్ఞానస్నానం ఇవ్వడమేంటి? ఫిరంగిపురం నుంచి మా బావ జ్ఞానతండ్రిగా వస్తున్నాడు, చుట్టాలంతా వస్తున్నారు. ఫాదరుగారు మళ్ళీ ఇస్తారు. సరైన జ్ఞానస్నానం."

గుడికి వెళ్ళి ఫాదరుగారికి అదే చెప్పాడు. ఒకసారి ఇచ్చిన జ్ఞానస్నానం రెండోసారి ఇవ్వడం ఉండదని రాయప్ప ఫాదరుగారికి తెలుసు. కానీ గుడి కప్పు కురుస్తోంది, బడి గోడలు సగంలో ఆగాయి, ఈ ఊళ్ళో చిన్నపరెడ్డి మాట లేకుండా మట్టితట్ట కదలదు. ఆయన ఆలోచించి, "ఇచ్చిన తీరులో అనుమానం ఉంటే 'ఒకవేళ ఇదివరకు అందకపోయి ఉంటే' అని చెప్పి మళ్ళీ ఇవ్వచ్చు. ఆదివారం పూజ అయ్యాక శౌరమ్మను అడుగుతాను" అన్నారు.

చిన్నపరెడ్డికి అంత చాలు. శనివారం పొద్దున్నే ఇన్నయ్యను పిలిచి చెప్పాడు. ఇన్నయ్య ఇంటికొచ్చి గడపలోనే నిలబడ్డాడు.

"రేపు ఫాదరుగారు అడిగితే 'సరిగ్గా గుర్తు లేదండి, కంగారులో ఏం పలికానో' అని చెప్పమన్నాడు పెదరెడ్డి. ఒక్క మాటతో అయిపోద్ది."

శౌరమ్మ రోట్లో కారం దంచుతోంది. రోకలి ఆపలేదు. "గుర్తుంది కదా."

"ఉంటే మాత్రం? నిన్ను తిట్టమన్నాడా, కొట్టమన్నాడా? గుర్తు లేదంటే ఏం పోద్ది?"

"ఏం పోద్దా?" రోకలి గోడకు ఆనించింది. "నీ కొడుకు గోడ అవతల ఎందుకున్నాడు? ఆ మాట తెలిసిన మనిషి ఆ పొద్దు చేలో లేకపోబట్టి. దానికోసమే నేర్చుకున్నా. పాలు తాగే పిల్లకి దేవుడు ఇచ్చింది నేను లేదంటే, ఇచ్చినోడి మాటే అబద్ధమవుద్ది. నా చేతిని తిట్టమను, పడతా. ఆ నీళ్ళని మాత్రం కాదనను."

"పాలేరుతనం పీకేస్తాడే!"

"పీకేస్తే పిడుగురాళ్ళలో సున్నపుబట్టీలు లేవా? పోదాం."

ఇన్నయ్య ఆ రోజంతా ఆమెతో మాట్లాడలేదు. ఆదివారం మాత్రం ఆమె కంటే ముందే తలకు నూనె రాసుకుని గుడికి బయల్దేరాడు.

పూజ అయ్యాక వసారాలో పెద్దలంతా చేరారు. ఫాదరుగారు కుర్చీలో కూర్చున్నారు. శౌరమ్మ ఎదురుగా నిలబడింది.

"ఏ నీళ్ళు పోశావు?"

"కాచి చల్లార్చిన మంచినీళ్ళండీ."

"ఎక్కడ పోశావు?"

"నుదుటి మీదండీ. తల మీదుగా పారాయి."

"ఏమన్నావు?"

చెప్పింది. గట్టిగా, అక్షరం పోకుండా చెప్పింది. ఫాదరుగారు గొంతు తగ్గించి అన్నారు. "బిడ్డ పోతుందన్న కంగారులో ఉన్నావు కదా. ఒక మాట అటూ ఇటూ అయి ఉండొచ్చు. బాగా గుర్తు చేసుకో శౌరమ్మా. కాలేదని నేననను. అనుమానం ఉంటే చెప్పమంటున్నా."

ఆయన ఏ దారి చూపిస్తున్నారో శౌరమ్మకు తెలిసిపోయింది. నేర్పిన మనిషే ఇలా అడుగుతాడని ఆమె అనుకోలేదు.

"లేదండీ. అనుమానం లేదు. పోసేది మనిషి చెయ్యి, ఇచ్చేది ప్రభువు అని తమరే చెప్పారు. నా చెయ్యి వణికింది, అది నిజం. మాట వణకలేదు. తమరు మళ్ళీ పోస్తామంటే తమరి ఇష్టం. నేను మాత్రం ఇవ్వలేదని అననండీ."

"చూశారా ఎంత పొగరో!" చిన్నపరెడ్డి లేచాడు.

ఫాదరుగారు చెయ్యెత్తి ఆపారు. ముఖం ఎర్రబడింది. ఆ కోపం ఎవరి మీదో అక్కడున్న వాళ్ళకు వెంటనే అర్థం కాలేదు. "కూర్చోండి రెడ్డిగారూ. పొగరు కాదు. నేను అడగకూడనిది అడిగాను, ఆమె చెప్పాల్సింది చెప్పింది. మీ మనవరాలికి జ్ఞానస్నానం అయిపోయింది. నేను ఇచ్చినా ఇంతకంటే పెద్దది ఇవ్వలేను. మిగిలిన తంతు గుళ్ళో జరిపిస్తాను. నీళ్ళు మాత్రం పొయ్యను."

అలాగే జరిగింది. నాలుక మీద ఉప్పు, తైలం, తెల్లబట్ట, వెలిగించిన కొవ్వొత్తి, అన్నీ అయ్యాయి. పిల్లకు సిసిలీ అని పేరు పెట్టారు. జ్ఞానస్నానపు నీళ్ళ తొట్టి మూత మాత్రం తియ్యలేదు. ఫిరంగిపురం చుట్టాలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చిన్నపరెడ్డి విందు కానిచ్చాడు గానీ, మర్నాడే ఇన్నయ్యను పన్లోంచి తీసేశాడు. శౌరమ్మను రెడ్ల ఇళ్ళకు పిలవద్దని ఆడవాళ్ళకు చెప్పించాడు. బడి గోడలు అలాగే నిలిచిపోయాయి.

మొగుడూ పెళ్ళాలు పిడుగురాళ్ళ వెళ్ళి సున్నపుబట్టీల్లో రాళ్ళు మోశారు. కళ్ళు మండేవి, అరచేతులు పగిలేవి. మిరపకోతల కాలానికి తిరిగొచ్చి పక్క ఊళ్ళ చేలకు వెళ్ళేవాళ్ళు. ఇన్నయ్య అప్పుడప్పుడూ సణిగేవాడు. కానీ ఎవరైనా ఆ సంగతి ఎత్తితే, "మా దాన్ని ఫాదరుగారే తిప్పలేకపోయాడు" అని మీసం దువ్వేవాడు. శౌరమ్మ ప్రతి ఆదివారం ఎడమవైపు తన చోటే కూర్చుంది. సత్ప్రసాదం తన వంతు వచ్చినప్పుడు తలెత్తి నాలుక చాచింది. గుడి మానలేదు, చోటు వెనక్కి జరపలేదు.

రీతమ్మకు మళ్ళీ నెలలు నిండాయి. ఒక పొద్దున సిసిలీని చంకనేసుకుని, బరువుగా అడుగులేస్తూ ఆమే గూడెంలోకి వచ్చింది. జనం గుమ్మాల్లోకొచ్చి చూశారు. ఆ ఇంటి కోడలు ఆ వీధిలో అడుగుపెట్టడం అదే మొదలు.

"నువ్వే రావాలి శౌరమ్మా. వేరే వాళ్ళని చెయ్యి వెయ్యనివ్వనని ఇంట్లో చెప్పేశాను."

శౌరమ్మ పీట తెచ్చి వేసింది. సిసిలీ ఆమె చెవి పోగు పట్టుకుని లాగుతుంటే లాగనిచ్చింది.

"వస్తానమ్మా. అయితే ఒకటి. బిడ్డ ప్రాణం మీదికొస్తే అప్పుడు చేసిందే మళ్ళీ చేస్తాను. ఆ మాట పెదరెడ్డిగారికి ముందే చెప్పు. ఒప్పుకునే పిలిపించమను. తర్వాత గొడవొద్దు."

రీతమ్మ వెళ్ళి ఆ మాట ఆ మాటగానే చెప్పింది. చిన్నపరెడ్డి చుట్ట అయిపోయేదాకా కాల్చి నలిపేశాడు. చివరికి, "రమ్మను" అన్నాడు. ఆ తర్వాత ఆ నీళ్ళ సంగతి ఏనాడూ ఎత్తలేదు. ఆ కాన్పు తేలిగ్గా అయింది. మగపిల్లాడు పుడుతూనే ఏడ్చాడు. నీళ్ళతో అవసరమే రాలేదు. నెల తర్వాత ఫాదరుగారే గుళ్ళో పోశారు.

ఇన్నయ్యకు పని మళ్ళీ ఇస్తామన్నా అతను వెళ్ళలేదు. కౌలుకు కొంచెం చేను తీసుకుని పత్తి పెట్టాడు.

గుళ్ళో లాటిను పూజ పోయి తెలుగు పూజ వచ్చిన ఏడు, రాయప్ప ఫాదరుగారు బదిలీ అయి వెళ్ళబోతూ శౌరమ్మను పిలిచారు. "నువ్వొక్కదానివి ఎన్ని కాన్పులకని పోతావు? నేను అందరికీ నేర్పాల్సింది నేర్పలేదు. నువ్వు నేర్పు."

ఆ ఆదివారం నుంచే గుడి వసారాలో మొదలుపెట్టింది. పాతచీర చుట్టి బిడ్డలా చేసింది. ముందు గూడెం ఆడవాళ్ళు నలుగురైదుగురు కూర్చున్నారు. రెడ్ల ఆడవాళ్ళు స్తంభాల దగ్గర నిలబడి చూశారు. రీతమ్మ వచ్చి చాప మీద, దేవకుమారి అనే కూలీ పిల్ల పక్కన కూర్చుంది. ఇంకొందరు నెమ్మదిగా జరిగొచ్చారు. కొందరు అసలు రాలేదు.

"తడిపితే చాలదు, పారాలి" అంటూ శౌరమ్మ చెంబు రీతమ్మ చేతికిచ్చింది. "పోస్తూ పలకాలి. పోశాక కాదు, ముందు కాదు."

రీతమ్మ సిగ్గుపడుతూ గొణిగింది.

"వినపళ్ళేదమ్మా. అక్కడ తల్లి కేకలు పెడుతుంటుంది, అత్తగారు ఏడుస్తుంటుంది. నీ మాట నీకు వినపడాలి. మళ్ళీ పొయ్యి."

రీతమ్మ కొంగు నడుముకు దోపుకుని, చెంబు నింపుకుని, ఈసారి గొంతెత్తింది.