పన్నెండు నవ్వుమొహాలు, ఒక నీళ్ళ సంపు

నా చేతుల్లో ఏడు ప్రాణాలు పోయాయి. కంగారుపడకండి, పోలీసు కేసు కాలేదు. కానీ హంతకుణ్ణి పట్టుకోవడానికి నేను చేసిన పరిశోధన వింటే, నాలాంటివాణ్ణి సాఫ్ట్‌వేర్ కంపెనీలో తప్పులు కనిపెట్టే ఉద్యోగంలో ఎలా ఉంచారా అని మీకే దిగులేస్తుంది.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులు. నేను కొత్తగూడలో యాదగిరి అంకుల్ ఇంట్లో పైవాటాలో అద్దెకుండేవాణ్ణి. మాది గుడివాడ వైపు. ఆయనది కొత్తగూడే, అది ఉత్త పల్లెగా ఉన్నప్పటి నుంచీ. ఆఫీసులో నా పక్క సీటు స్వరూపది సిద్దిపేట. రెండు నెలల పని మీద పుణె పోతూ ఓ ప్లాస్టిక్ టబ్బు తెచ్చి నా చేతిలో పెట్టింది. అందులో పన్నెండు ఆక్సొలాటల్ పిల్లలు.

మీరు చూసి ఉండరు. బల్లి ఒకటి చేపలింట్లో సంబంధం చేసుకుని ఇల్లరికం ఉండిపోతే ఎలా ఉంటుందో అలా ఉంటాయి. మెడకు రెండు పక్కలా ఈకల్లాంటి మొప్పలు, మొహాన చెరగని నవ్వు. అప్రైజల్ రోజున కూడా అలా నవ్వగలిగిన ప్రాణిని నేను మరెక్కడా చూడలేదు.

"మా చెల్లె గుడ్ల కాడికెల్లి సాకింది వీటిని. ఇప్పుడు హాస్టల్ల పెట్టుకోనియ్యరు. నేను వచ్చేసరికి పన్నెండుంటే చాలు," అంది స్వరూప.

"పన్నెండేంటండీ, పదమూడు చేసి అప్పగిస్తాను!"

నా నోటికి తలుపు లేదు. అదే ఈ కథలో అసలు లోపం.

రోజూ అక్వేరియం షాపు నుంచి వాటికి మేత పురుగులు తెచ్చేవాణ్ణి. బాత్రూం బకెట్‌లో కడిగి, మా అమ్మ నాకు గోరుముద్దలు పెట్టినంత ఓపికగా తినిపించేవాణ్ణి. మధ్యలో ఓ చిన్న సంగతి. ఒకరోజు పళ్ళు తోముకుంటుంటే బకెట్‌లో పురుగు కనిపించింది. చరచరా కిందికి దిగి, అంకుల్‌కి నీళ్ళ శుభ్రత మీద పావుగంట ఉపన్యాసమిచ్చి వచ్చాను. తర్వాత ఆ విషయమే మరిచిపోయాను.

కొన్నాళ్ళకు బంద్ వచ్చింది. ఆఫీసు లేదు, దాని బదులు శనివారం రమ్మన్నారు. తీరిక దొరికింది కదా అని టబ్బులో నీళ్ళన్నీ మార్చాను. మధ్యాహ్నానికి మూడు పిల్లలు వెల్లకిలా తేలాయి. నవ్వుతూనే! ఆ మొహాలు చూసి ఏది పోయిందో ఏది ఉందో తేల్చుకోవడానికే నాకు గంట పట్టింది.

తర్వాతి బంద్‌కి మళ్ళీ నీళ్ళు మార్చాను. ఈసారి నాలుగు.

నేను టెస్టర్ని. ఒకసారి జరిగితే పొరపాటు, రెండుసార్లు జరిగితే దాని వెనక కారణం ఉండి తీరాలి. నినాదాల హోరుకు గుండె ఆగిందనుకుని టబ్బుకు దుప్పటి కప్పాను. టైర్ల పొగ అనుకుని కిటికీలకు టేపు అంటించాను. చివరికి, చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది గానీ, నా చూపు కిందింటి మీద పడింది. అంకుల్ రోజూ చౌరస్తాలో దీక్షా శిబిరంలో కూర్చుని వచ్చేవారు. వస్తూ నన్ను చూసి, "ఏం బాబూ, నీ బల్లులు మంచిగున్నయా?" అనేవారు. ఆ ప్రశ్నలో నాకు కొత్త కొత్త అర్థాలు వినిపించసాగాయి. అప్పటి గాలే అలాంటిది. టీకొట్టు దగ్గర ఇద్దరు గొంతు తగ్గించి మాట్లాడుకుంటే, మూడోవాడు తన గురించే అనుకునేవాడు.

ఇంతలో రెండు రోజుల బంద్ అన్నారు. ముందురోజు పొద్దున మేత పొట్లంతో గేటు తీస్తున్నాను. అంకుల్ సంపు మూత ఎత్తి తెల్లటి పొడి గుమ్మరిస్తున్నారు!

"దొరికారంకుల్!"

"ఏంది బాబూ, గట్ల ఒర్రుతున్నవ్?"

"ఆ డబ్బాలో ఏముందో చెప్పండి ముందు!"

"బ్లీచింగ్ పౌడర్."

"ఒప్పుకుంటున్నారన్నమాట!"

"ఒప్పుకునుడేంది? బంద్‌ల ట్యాంకర్ రాదు గద. నీళ్లు పట్టి పెడుతున్న. నిలవ నీళ్లల్ల పురుగు పడుతదని జర ఏసిన."

"ఎప్పుడూ వెయ్యనిది ఇప్పుడెందుకు మొదలుపెట్టారండీ? పైన పసివాళ్ళున్నారని తెలిసి కూడా!"

లోపల్నించి ఆయన భార్య అనసూయ ఆంటీ వచ్చింది. "నువ్వే గద బిడ్డా, ఈడనే నిలవడి చెప్పినవ్? మీ నీళ్లల్ల పురుగులున్నయ్, నలుగురు వింటే నవ్వుతరంటివి. ఆ దినం ఈయన బువ్వ గూడ తినలే. అప్పటిసంది నీళ్లు పట్టి పెట్టినప్పుడల్ల దోసెడు పౌడర్ ఏస్తుండు."

అంకుల్ డబ్బా కింద పెట్టారు. "ఇంతకు ఎట్లుండె బాబూ ఆ పురుగు?"

"ఎర్రగా, సన్నగా, దారప్పోగులా..."

అంకుల్ చూపు నా చేతిలోని పొట్లం మీద ఆగింది. లోపల ఎర్రటి దారప్పోగులు మెలికలు తిరుగుతున్నాయి.

"గిట్లనా?" అన్నారాయన, ఎంతో మర్యాదగా.

భూమి చీలలేదు. సంపు మూత మాత్రం తెరిచే ఉంది, నేనే దూకలేదు.

"పరేషాన్ గాకు," అంది ఆంటీ. "రంజన్‌ల మొన్నటి నీళ్లున్నయ్, పౌడర్ లేనియి, సల్లగున్నయ్. మిగిలిన పోరగాండ్లను తే, అండ్ల ఇడుద్దాం."

ఆ మట్టికుండలోకి ఐదు నవ్వుమొహాలు దిగాయి. ఎండాకాలం రెండు రోజుల బంద్, ఆ ఇంట్లో ఎవరూ చల్లటి నీళ్ళు తాగలేదు. అంకుల్ శిబిరం నుంచి రాగానే చెప్పులు విడవకుండా కుండలోకి తొంగిచూసేవారు. ఒక్కటీ పోలేదు.

స్వరూప వచ్చి లెక్కపెట్టుకుని కళ్ళెత్తేలోపే అంకుల్ అందుకున్నారు. "తప్పు నాది బిడ్డా. పౌడర్ నేనే ఏసిన."

ఆ మాట విన్నాక నోరు మూసుకుని ఉండటం నా వల్ల కాలేదు. "కాదండీ, పురుగులు నావి," అని మొత్తం చెప్పేశాను.

"అయితే చెల్లెకు నువ్వే చెప్పు," అని ఫోన్ కలిపి ఇచ్చింది స్వరూప.

ఆ అమ్మాయి అంతా వింది. తర్వాత అడిగింది: "అన్నా, ఆఫీసుల నువ్వేం పని జేస్తవ్?"

"తప్పులు కనిపెడతానమ్మా."

"ఎవరియి?"

అందుకే ఆ ఐదు నవ్వుమొహాల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఈ జన్మలో ఎవరి సంపులోకి తొంగిచూడాలన్నా, ముందు నా బకెట్‌లోకి చూసుకుంటాను. ఎవరైనా పన్నెండు అప్పగిస్తే, పదమూడో దాని ఊసెత్తను.