ఏడెనిమిదులెంత?

సూర్యాపేటలో మా వీధి చివరి మెస్ ముందు నిన్న పలక మీద సుద్దతో "ఇయ్యాల చింతచిగురు పప్పు" అని రాసి పెట్టారు. అది చూసి ఆగలేక అమ్మను తీసుకెళ్లాను.

మీకూ గుర్తుందా? ఎండాకాలం వస్తే చాటలో చింతచిగురు పోసి, పుల్లలు ఏరమని మనల్ని కూర్చోబెట్టేవాళ్లు. మా ఇంట్లో ఏరిందానికంటే మేం మింగిందే ఎక్కువ. అందుకని అమ్మ వంటింట్లోంచి "ఎక్కాలు సదువుండ్రి, గట్టిగ!" అని అరిచేది. గొంతు ఆగిందంటే నోట్లో చిగురు పడ్డట్టే. నేను ప్రతిసారీ ఏడెనిమిదుల దగ్గరే దొరికిపోయేదాన్ని.

మెస్‌లో అమ్మ ఒక ముద్ద తిని ఓనరును పిలిచింది.

"అంత పప్పే ఉన్నది, చిగురేది బిడ్డా? లోపల ఏరెటోళ్లు ఎక్కాలు సదువుతలేరా?"

ఆయనకూ మన వయసే. పకపకా నవ్వాడు. "మా అమ్మ మాతోని పాటలు పాడిచ్చేదమ్మా!" అంటూ చిగురు దండిగా ఉన్న ఇంకో గిన్నె తెచ్చిపెట్టాడు.

ఆబగా కలుపుకుని పెద్ద ముద్ద పెట్టుకున్నాను. అమ్మ నా వైపు తిరిగింది.

"ఏడెనిమిదులెంతనే?"

పాతికేళ్లుగా బళ్లో లెక్కలు చెబుతున్నదాన్ని. నోటినిండా పప్పన్నంతో మళ్లీ అక్కడే దొరికిపోయాను.