కందుల పాటలో ఇంగ్లీషు పాఠం

జీతమిచ్చే యజమాని పరువు తీయాలని మనసులో కోరిక ఉన్నవాళ్లు చాలామందే ఉంటారు గానీ, తీసే అవకాశం అందరికీ రాదు. నాకు వచ్చింది. అదీ మైకులో, నిండు మార్కెట్లో. తీస్తున్నానని కూడా తెలియకుండా తీశాను. ఆ ఘనకార్యం ఎట్లా జరిగిందో చెప్తాను. నవ్వండి, నేనేమీ అనుకోను. కాకపోతే నా ఉద్యోగం సంగతి తేలేదాకా కాస్త మెల్లగా నవ్వండి.

అప్పుడే బి.ఎడ్. అయింది. రోజూ వికారాబాద్ నుంచి బస్సులో తాండూరు వెళ్లి, ఒక చిన్న ప్రైవేటు బడిలో మూడో తరగతికి ఇంగ్లీషు చెప్పేదాన్ని. లోకంలో నాకు తెలియనిది లేదని గట్టిగా నమ్మే వయసు. మా బడి వెనక గోడా, మార్కెట్ యార్డు గోడా ఒకటే. కందుల కాలం వస్తే అటువైపు వేలం పాట, ఇటువైపు ఎక్కాల పాట. ఏ అంకె ఎవరిదో దేవుడికే తెలియాలి.

మా తరగతిలో శ్రావణి అని ఒక పిల్ల ఉండేది. వాళ్ల నాన్న నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్లో పనిచేసేవాడు. తెలుగులో ఆ పిల్ల మాట్లాడుతుంటే పాలిషింగ్ మిషన్ కూడా ఆగి వినాల్సిందే. ఇంగ్లీషు పీరియడ్ గంట కొట్టారో, నోటికి తాళం పడేది. తప్పు చెప్తే నవ్వుతారని భయం. నేను బతిమాలాను, బెదిరించాను, బిస్కెట్లు పెట్టాను. బిస్కెట్లు తిన్నది, అంతే.

అప్పుడు నా ట్యాబులో ఆన్‌లైన్ పదాల ఆట ఒకటి తెచ్చాను. తెర మీద బొమ్మ వస్తుంది, దానికి తగిన ఇంగ్లీషు మాటను నొక్కాలి. సరిగ్గా నొక్కితే ఒక ఆడగొంతు "ఎక్సలెంట్!" అని చప్పట్లు కొడుతుంది. తప్పయితే "ఓ నో! ట్రై అగైన్!" అని, వెనకాల ఒక ఏడుపు బూర. ఆ గొంతుకు విసుగు లేదు, కోపం లేదు, తలనొప్పి లేదు. నాలో లేని గుణాలన్నీ దానిలో ఉండేవి. పిల్లలు దానికి 'లోపలి మేడం' అని పేరు పెట్టారు. లోపలి మేడం నవ్వదు కదా, అందుకని శ్రావణి ముందుకొచ్చింది. తప్పు నొక్కేది, మళ్లీ నొక్కేది, పెదవులు కదుపుతూ ఆ మాటను తనలో తాను అనుకునేది. ఆ పిల్ల పట్టుదల చూస్తే నాకు నిజంగానే దండం పెట్టాలనిపించేది.

ఇంతలో మా కరస్పాండెంట్‌కి, అంటే బడి యజమానికి, సంగతి తెలిసింది. ఆయన అసలు వృత్తి కందుల వ్యాపారం. నన్ను పిలిచి, "పిల్లల చేతికి గివి ఇస్తే ఖరాబైతరమ్మా. రేపు పాట అయినంక వచ్చి చూస్త. నాకు నచ్చకుంటే బంద్" అన్నారు. బంద్ అంటే ఏమిటో నాకు తెలుసు. శ్రావణి నోటికి మళ్లీ తాళం.

ఆయనకు బాగా వినపడాలని ఊళ్లో మైకుసెట్టు దుకాణం నుంచి ఒక పెద్ద స్పీకరు తెప్పించాను. యార్డులో వేలానికి స్పీకరు ఇచ్చేదీ ఆ దుకాణమే అన్న చిన్న విషయం నా మహామేధస్సుకు తట్టలేదు. మర్నాడు ట్యాబులో బ్లూటూత్ తెరిస్తే ఒకే పేరుతో రెండు స్పీకర్లు కనిపించాయి. మీరైతే ఆగి ఆలోచించేవారు. నేను పైనున్నది నొక్కాను. కనెక్టయింది.

సారు వచ్చేలోపు ఒకసారి ఆడిద్దామని పిల్లల్ని వరసగా పిలిచాను. తెర మీద నక్షత్రాలు వస్తున్నాయి గానీ గొంతు రావడం లేదు. స్పీకరు పాతదేమో, గట్టిగా పెడితే పలుకుతుందేమో అని శబ్దం చివరిదాకా పెంచాను. శ్రావణి వంతు వచ్చింది. నిచ్చెన బొమ్మ. ఒకటి నొక్కింది, తప్పు. ఇంకోటి నొక్కింది, తప్పు. మధ్యలో ఆగి కిటికీ వైపు చెవి పెట్టింది.

"టీచర్, మన లోపలి మేడం మార్కెట్ల మాట్లాడుతుంది."

"దిక్కులు చూడకు. బొమ్మ చూడు" అన్నాను. గురువు కదా మరి.

గోడ అవతల జరిగింది నాకు తర్వాత మల్లమ్మ చెప్పింది. కర్ణాటక సరిహద్దు ఊరి నుంచి కందులు తెచ్చిన పెద్దావిడ. కందుల్లో కొంచెం తేమ ఉందని ఎవరూ మంచి ధర పలకడం లేదట. మా కరస్పాండెంట్ గుప్పెడు కందులు తీసి, నలిపి, పెదవి విరిచి ఒక ధర చెప్పారు. వెంటనే మైకులోంచి "ఓ నో! ట్రై అగైన్!" అని గొంతు, వెనకాల ఏడుపు బూర. జనం గొల్లున నవ్వారు. ఆయన చుట్టూ చూసి, నలుగురిలో పలచన కావడం ఇష్టంలేక కాస్త పెంచారు. మళ్లీ అదే గొంతు, అదే బూర. ఇటు శ్రావణి నిచ్చెన బొమ్మ ముందు తంటాలు పడుతోంది, అటు కందుల ధర నిచ్చెనెక్కుతోంది. ఆయన మొహం ఎర్రగా చేసుకుని ఇంకో మాట పలికారు. సరిగ్గా అప్పుడే ఇటు శ్రావణి సరైన మాట నొక్కింది.

"ఎక్సలెంట్!" అంది మైకు. చప్పట్లు. దానికి తోడు రైతులందరి చప్పట్లు. మల్లమ్మ ఆలస్యం చేయకుండా బేరం కుదిరినట్టు ఆయన చేతిలో చెయ్యి వేసేసింది. చెయ్యి పడ్డాక మాట మార్చిన వ్యాపారికి ఆ యార్డులో మర్నాడు కందులు దొరకవు.

ఆ చప్పట్లు నేనూ విన్నాను. కిటికీలోంచి చూస్తే మైకు, దాని కింద మా కరస్పాండెంట్. గోడలకు చెవులుంటాయంటారు. మా బడి గోడకు నోరు కూడా ఉందని అప్పుడు తెలిసింది. గబగబా బ్లూటూత్ ఆపేసి, శబ్దం సున్నాకు దించాను. అత్త సొమ్ము అల్లుడి దానం అని సామెత. ఇక్కడ కరస్పాండెంట్ సొమ్ము టీచరమ్మ దానం.

కాసేపటికి ఆయన వచ్చారు. మాట మీద నిలబడి మల్లమ్మ కందులు ఆ ధరకే తూకం వేయించి మరీ వచ్చారు. అందుకు మాత్రం నా మనసులో ఆయన ఎత్తు పెరిగింది. వెనకాలే, ఇంగ్లీషు వినపడిందంటే అది బడి నుంచేనని పసిగట్టిన మల్లమ్మ, కొంగులో కందికాయలతో. "గా మాట్లాడిన దొరసాని ఏడున్నది బిడ్డా? నాకు ఇంగ్లీషు రాదు గానీ, గా ధర వద్దన్నదని సమజైంది" అంది.

నేను మింగలేక కక్కలేక ట్యాబు చూపించాను. ఆయన పిల్లల బెంచీ మీద ఇరుక్కుని కూర్చున్నారు. బొమ్మ వచ్చింది. వేలు పెట్టి నొక్కారు. తప్పు. శబ్దం లేదు కాబట్టి గదంతా నిశ్శబ్దం.

ఆ నిశ్శబ్దంలో శ్రావణి లేచి నిలబడింది.

"ఓ నో. ట్రై అగైన్, సార్."

పెద్దవాళ్ల ముందు ఆ పిల్ల నోరు తెరిచి మాట్లాడిన మొదటి ఇంగ్లీషు. నాకు భయమూ సంతోషమూ ఒక్కసారే వచ్చి కళ్లు నిండాయి. ఆయన శ్రావణిని చూశారు, ట్యాబును చూశారు, చివరికి నన్ను చూశారు.

"నలుగుర్ల సిగ్గువడుకుంట గూడ మల్ల మల్ల ధర చెప్పిన. నాలాంటోనితోనే గిది చెప్పించింది. పిల్లలతోని చెప్పియ్యదా? నడవనియ్" అని, మళ్లీ తెర మీదికి వంగారు. ఈసారి సరిగ్గా నొక్కారు. మల్లమ్మ చప్పట్లు కొట్టింది.

ఆ సాయంత్రం యార్డు గోడకు ఎదురుగా నిలబడి, చేతిలో మల్లమ్మ ఇచ్చిన కందికాయలు పట్టుకుని ప్రమాణం చేశాను. ఈ జన్మలో పేరు ఒకటికి రెండుసార్లు చూడకుండా ఏ స్పీకరూ కలపను, వేలం జరిగే వేళ ఎవరికీ ఇంగ్లీషు నేర్పను అని. ఇప్పటిదాకా తప్పలేదు. కాకపోతే కందుల కాలం వచ్చిందంటే మల్లమ్మ బడి గేటు దగ్గర బస్తా దించి అడుగుతుంది, "ఏం టీచరమ్మా, ఇయ్యాల పాఠం లేదా?" అని.